ఓర్పుకి ఎవరి మొహం?

ఆ రోజుకి శిల్పి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి. వ్యాన్ రాగానే తను చేసిన ప్లాస్టర్ బొమ్మ పలకను ఎక్కించాలి. రాజీ కేంద్రం హాల్లో దాన్ని గోడకు బిగించి, భోజనం వేళకు ఇంటికొచ్చి ఒక కునుకు తీయాలి. సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని ఆవిష్కరణకు వెళ్ళాలి. ఇందులో చెమట పట్టే పని ఒక్కటీ లేదు. అయినా నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఆయన అరచేతులు తడిసిపోతూనే ఉన్నాయి. తువ్వాలుతో తుడుచుకున్నాడు, అది చాలక పంట్లానికి తుడుచుకున్నాడు.

"ఏమండీ, సాయంత్రం అక్కా బావా కూడా వస్తున్నారు," అంది భార్య టీ గ్లాసు చేతికిస్తూ.

"ఎందుకూ?" అన్నాడు శిల్పి.

"ఎందుకేంటి? మీరు చేసిన బొమ్మ చూడ్డానికి. బావ వాళ్ళ ఆఫీసు వాళ్ళని కూడా పిలిచాడట."

"మధ్యలో ఆఫీసు వాళ్ళెందుకు?"

"బాగుంది వరస. మన పని చూడ్డానికి నలుగురు వస్తుంటే సంతోషించక, అలా మొహం పెడతారేంటి?" అని ఆవిడ తనలో తను నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ నవ్వు శిల్పి కంటపడింది. ఇంత అమాయకురాలిని ఎంత మోసం చేశానురా భగవంతుడా అనుకున్నాడు.

ఆయన చేసిన మోసమేమిటో తెలియాలంటే ముందు ఓర్పు సంగతి తెలియాలి. ఆ ఊరి నడిబొడ్డున, రోడ్లన్నీ కలిసే చోట, ఎప్పటి వరదలోనో పోయినవాళ్ళ జ్ఞాపకంగా కట్టిన రాతి స్తంభం ఒకటి ఉంది. దాని చుట్టూ రాతి ఆడవాళ్ళు ఉన్నారు. త్రాసు పట్టుకున్నావిడ న్యాయం. కాగడా పట్టుకున్నావిడ ఆశ. వాళ్ళ పక్కన ఎవరూ పట్టించుకోకుండా ఒక మూలగా కూర్చున్నావిడ ఓర్పు. ఆవిడ ఒళ్ళో చిక్కుపడ్డ దారపు ఉండ ఒకటి ఉంటుంది. తల వంచుకుని ఆ చిక్కు తీస్తూ ఉంటుంది. ఎవరు ఏ హారన్ కొట్టినా తల ఎత్తదు.

కొత్తగా పెట్టిన భార్యాభర్తల రాజీ కేంద్రానికి అధ్యక్షురాలిగా వచ్చినావిడ రిటైరైన జడ్జి. ఊరంతా జడ్జమ్మ అంటారు. ఆవిడ పొద్దుటి నడక ముగించి ఆ ఓర్పు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఒకరోజు శిల్పిని అక్కడికే పిలిపించారు.

"కోర్టులో అన్నేళ్ళు తీర్పులిచ్చాను. ఒక్క మొగుడూ పెళ్ళాం నా తీర్పు విని నోరు మూసుకోలేదు. ఈవిడ ఎదురుగా కాసేపు కూర్చుంటే మాత్రం నాకే నోరు పెగలడం లేదు," అన్నారు జడ్జమ్మ. "మా హాల్లో జనం తమ వంతు వచ్చేదాకా గోడ చూస్తూ కూర్చోవాలి. వట్టి గోడ చూస్తే ఏం గుర్తొస్తాయి? పాత గొడవలే. ఆ గోడ మీద ఈవిడ ఉంటే ఎలా ఉంటుందంటారు?"

శిల్పికి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, ఆ పూట అన్నం కూడా సహించలేదు. బజార్లో విగ్రహం నలుగురినీ కేకేసి పిలవాలి, దాని పని అది. గోడ మీద బొమ్మ అలా పిలవకూడదు. చూసేవాడు తనంతట తను దాని దగ్గరికి వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాలి. అందుకని ఆయన రాతి విగ్రహం నుంచి ఆకులూ లతలూ మెట్లూ అన్నీ తీసేశాడు. ఒక స్త్రీ, ఆవిడ ఒడి, ఒళ్ళో దారం. అంతే. వచ్చిన చిక్కల్లా మొహం దగ్గరే. ఆ రాతావిడకి మొహం లేదు. వానలు కొంత, పావురాలు కొంత కలిసి ఏనాడో చెరిపేశాయి.

"ఎవరి మొహం పెడతారు?" అని అడిగింది భార్య.

"ఇంకెవరిది పెడతానే? నీదే," అన్నాడు శిల్పి ఛాతీ పొంగించి.

ఆవిడ "సరే" అంది. ఆ సరే చాలా సన్నగా వచ్చింది. సంతోషంతో గొంతు పూడుకుపోయింది పాపం అనుకున్నాడు శిల్పి.

అనుకున్నంత సులువుగా పని సాగలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసి, ఒళ్ళో దారం పెట్టి కూర్చోబెడితే, ఆయన మట్టి మీద చెయ్యి వేసేలోగా ఆవిడ "పాలు పొంగుతున్నాయి" అని లేచేది. మర్నాడు నడుం నొప్పి. ఆ మర్నాడు ఎవరో తలుపు తట్టినట్టుందని. సరిగ్గా అప్పుడే వదిన, అంటే భార్య అక్క, పెట్టె పట్టుకుని దిగింది. వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారట, ఆ వాసనకు తలనొప్పట.

"మరిదీ, నేనిక్కడ కూర్చుంటే నీకేం అడ్డం కాదుగా?" అని ఆ కిటికీ పక్క కుర్చీలోనే సర్దుకుని కూర్చుంది. మెలకువగా ఉన్నంతసేపూ వదిన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కానీ భోజనం అయ్యాక ఆ కుర్చీలో, ఒళ్ళో దారపు ఉండతో, తల వాల్చి ఒక నిద్ర పోయేది చూడండీ, ప్రపంచంలోని ప్రశాంతత అంతా వచ్చి ఆ రెండు బుగ్గల మీద కూర్చునేది. శిల్పి ముందు చేతులు మాత్రం చూసి చేద్దామనుకున్నాడు. తర్వాత భుజాలు మాత్రం. తర్వాత తల వాలిన తీరు మాత్రం. ఆ మాత్రం ఈ మాత్రం అనుకుంటూనే మెడ దాటి పైకి పోయాడు.

ఆయన పని పద్ధతి ఒకటుంది. బొమ్మ పూర్తయ్యేదాకా దాని మీద తడిగుడ్డ కప్పే ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఆ గుడ్డ ఎత్తకూడదు, దాని గురించి అడగకూడదు, ఆయన చెప్పడు. కాబట్టి అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, అచ్చు పగలగొట్టిన నాడు, లోపలి నుంచి వదిన బయటపడిన సంగతి ఆయనకొక్కడికే తెలిసింది. గడ్డం కింద ఆ రెండో గడ్డం, ఆ మొద్దు ముక్కు, ఆ ఒత్తు కనుబొమలు, ఏదీ తప్పిపోలేదు.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరికొకరు ప్రాణం పెడతారు. కానీ పోలిక వచ్చిందా, ఇద్దరూ చిన్నపిల్లలైపోతారు. ఎప్పుడో కుటుంబం ఫోటోలో అక్క ముందు వరసలో కూర్చుందనీ, తనని వెనక నిలబెట్టారనీ శిల్పి భార్య ఈ రోజుకీ గుర్తు చేస్తుంది. అలాంటిది, కట్టుకున్న మొగుడే "నీ మొహం" అని మాటిచ్చి అక్క మొహం గోడకెక్కిస్తే? ఇక ఆ ఇంట్లో శిల్పి మిగతా జీవితమంతా మాటలు పడాల్సిందే. ఒక్కసారి కాదు, రోజూ. అసలావిడ అరవకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఏం చెయ్యాలో ఆయనకు తోచనే లేదు. అయినా ప్లాస్టర్ మొహమే కదా, అన్నీ ఒకలాగే ఉంటాయి, ఎవరు పోల్చుకుంటారు అని తనకు తానే సర్ది చెప్పుకుంటూ ఆ రోజుదాకా వచ్చాడు.

వ్యాన్ డ్రైవర్ ఆ సర్దుబాటు కాస్తా చెడగొట్టాడు. పలకను బండిలోకి ఎక్కిస్తుంటే దాని మీద దుప్పటి జారింది.

"అరె! ఈవిడ మొన్న నా బండిలో వచ్చినావిడ కదూ? మీ వదినగారు!" అన్నాడు డ్రైవర్.

"ష్! నెమ్మదిగా," అన్నాడు శిల్పి వీధి వాకిలి వైపు చూస్తూ. "అంత పోలికగా ఉందా?"

"పోలికేంటి సార్, అచ్చు గుద్దినట్టు ఆవిడే. ఇంటికి చేరేదాకా నాకు బండి నడపడం నేర్పుతూనే ఉన్నారు. ఇలా నోరు మూసుకుని కూర్చోవడం ఇప్పుడే చూస్తున్నా."

దారి పొడుగునా శిల్పికి అదే ఆలోచన. పెట్టె మోసినవాడే గుర్తుపడితే, తోడబుట్టినది గుర్తుపట్టదా? హాలు చేరేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. మొహం మార్చెయ్యాలి. ప్లాస్టరే కదా, గీకితే పోతుంది, తడిపి పెడితే అతుక్కుంటుంది. సాయంత్రంలోగా వదినని తీసేసి భార్యని పెట్టెయ్యాలి.

హాల్లో కొత్త రంగు వాసన. గోడకెదురుగా బెంచీలు వరసగా వేసి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, పలక మీద పడేలా ఒక దీపం బిగిస్తున్నాడు. డ్రైవరూ ఎలక్ట్రీషియనూ సాయం పడితే పలక గోడకెక్కింది. డ్రైవర్ వెళ్ళిపోయాక శిల్పి ఎలక్ట్రీషియన్ని బతిమాలి నిచ్చెన తీసుకున్నాడు.

"ఏం సార్, బాగానే ఉందిగా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"కొంచెం గడ్డం తగ్గించాలి."

"గడ్డమే లేదు కదా సార్ ఆవిడకి?"

"ఆ గడ్డం కాదయ్యా బాబూ! నీ పని నువ్వు చూసుకో," అని శిల్పి సంచిలోంచి పదునైన ఇనప రేకు తీసి, రెండో గడ్డం గీకడం మొదలుపెట్టాడు. గడ్డం బాగానే పోయింది. బుగ్గలు కూడా కొంచెం లోపలికి పోయాయి. కనుబొమలు సన్నబడ్డాయి. చెయ్యి కుదురుకుంటోంది కదా అని ధైర్యం చేసి ముక్కు పక్కన రేకు పెట్టాడు. అదే సమయానికి ఎలక్ట్రీషియన్ పరీక్షకని దీపం వేశాడు. భళ్ళున వెలుగు కళ్ళలో పడింది, రేకు జారింది, ముక్కు ఊడి నిచ్చెన మెట్లమీంచి దొర్లుకుంటూ వెళ్ళి బెంచీ కింద ఆగింది.

"సార్, ముక్కు," అన్నాడు ఎలక్ట్రీషియన్, వేలు పెట్టి చూపిస్తూ.

"కనపడుతోంది," అన్నాడు శిల్పి. సరే, ఎలాగూ ముక్కు మార్చాల్సిందే కదా అని గుండె చిక్కబట్టుకున్నాడు. కానీ భార్య ముక్కు ఎలా ఉంటుంది? రోజూ చూసే ముక్కు, కళ్ళు మూసుకుంటే మాత్రం ఒక్క గీతా గుర్తుకు రావడం లేదు. ఫోన్లో ఉన్న ఫోటోలన్నిటిలో ఆవిడ ఎదురుగానే చూస్తోంది. గోడ మీది ఓర్పేమో పక్కకి తిరిగి ఉంది, ఫోటో పక్కనుంచి కావాలి. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఒక పని చెయ్యి. పక్కకి తిరిగి ఫోటో ఒకటి తీసి పంపు. ముక్కు బాగా కనపడాలి."

"ఎవరి ముక్కు?"

"నీదే."

"ఇప్పుడు నా ఫోటో ఎందుకండీ?"

"ఊరికే. చూడాలనిపించింది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి మాట ఆయన నోటి వెంట రాలేదు. ఆవిడ గొంతు వెంటనే మారిపోయింది. "మీకు ఒంట్లో బాగానే ఉందా? ఛాతీలో బరువుగా ఏమైనా ఉందా? ఉన్నచోటే కూర్చోండి, కదలకండి."

"బ్రహ్మాండంగా ఉన్నానే. ముందు ఫోటో పంపు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

పుణ్యం మాట వినగానే ఆవిడకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయిందని శిల్పికి తర్వాతగానీ తెలియలేదు. ఫోటో అయితే వచ్చింది. ముక్కు చక్కగా కనపడుతోంది. కాకపోతే ఆవిడ కనుబొమలు ముడిపడి ఉన్నాయి, పెదవి బిగబట్టి ఉంది, కన్ను అప్పుడో ఇప్పుడో చెమర్చేలా ఉంది. అదంతా చూసుకునే తీరిక శిల్పికి ఎక్కడిది? ప్లాస్టర్ కలిపి, ఫోటో ఒక చేత్తో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు పెట్టుకుంటూ పోయాడు.

ముక్కు అతికించి చెయ్యి తీశాడో లేదో, గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. తోడల్లుడు! శిల్పి గబుక్కున తడిగుడ్డ లాగి పలక మీద కప్పేశాడు.

"తమ్ముడూ! దిగు, ముందు నిచ్చెన దిగు," అని రొప్పుతూ వచ్చాడు తోడల్లుడు. "మీ ఆవిడ మా ఆవిడకి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఆఖరి చూపులు చూసుకుంటున్నట్టు మాట్లాడావట! పద, డాక్టర్ దగ్గరికి."

"నాకేం కాలేదన్నయ్యా. చిన్న పని మిగిలింది, అంతే."

"ఏం కాకపోతే అలా చెమటలేంటి? ఆ మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

"సున్నం కాదు, ప్లాస్టర్ పడింది."

తోడల్లుడు నమ్మలేదు. ఆసుపత్రికి రాకపోతే కనీసం కళ్ళముందైనా ఉంచుకోవాలని నిచ్చెన కిందనే కుర్చీ వేసుకుని, ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించుకుని కూర్చున్నాడు. బొమ్మ తెరిచేదాకా ఎవరూ చూడకూడదన్న పద్ధతి ఆయనకీ తెలుసు కాబట్టి గుడ్డ జోలికి రాలేదు. శిల్పి ఆ గుడ్డ లోపలికే తల దూర్చి, పాతకాలం ఫోటోగ్రాఫర్‌లా, ఊపిరాడని చీకట్లో పని సాగించాడు. బయట నుంచి తోడల్లుడి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మా ఆవిడ సంగతి అడక్కు. పొద్దుట్నుంచీ అద్దం ముందు నుంచి లేవలేదు. ఇవాళ అందరూ తననే చూస్తారట. మా ఆఫీసు వాళ్ళకి కూడా చెప్పి పెట్టా, వచ్చి చూడండర్రా అని."

వదినకి ఎక్కడికెళ్ళినా అందరూ తననే చూస్తారన్న నమ్మకం పుట్టుకతో ఉన్నదే కదా అని, శిల్పి గుడ్డ లోపలి నుంచే "ఊఁ" కొట్టాడు. ఆ ఊఁకి ముక్కు కదిలింది. పట్టుకునేలోపే గుడ్డ అంచు కిందనుంచి జారి, బుడుంగున తోడల్లుడి టీలో పడింది.

"ఇదేంటిది?" అని తోడల్లుడు గ్లాసులోకి చూశాడు. వేళ్ళతో తీసి అటూ ఇటూ తిప్పాడు. ఎలక్ట్రీషియన్ నోరు తెరవబోతే శిల్పి గుడ్డలోంచి తల బయటపెట్టి చేతులు జోడించాడు. "సున్నం గడ్డ! టీలో సున్నం గడ్డ! మనుషులనుకున్నాడా, గోడలనుకున్నాడా వీడు? ఉండు, వాడి సంగతేంటో కనుక్కొచ్చి తర్వాత మాట్లాడతా," అని తోడల్లుడు మరదలుగారి ముక్కు చేత్తో పట్టుకుని టీ కొట్టు మీదికి యుద్ధానికి వెళ్ళాడు.

ఆ గుమ్మంలోంచి ఆయన వెళ్ళాడు, ఈ గుమ్మంలోంచి జడ్జమ్మ వచ్చారు. ఆవిడకు ఎవరి పద్ధతులతోనూ పని లేదు. నేరుగా వచ్చి గుడ్డ పక్కకు తీసి చూశారు.

"ముక్కేదండీ?"

శిల్పి నోటికొచ్చింది అందుకున్నాడు. "అంటే... అక్కడ రాతావిడకి కూడా లేదు కదండీ. అలాగే ఉంచితే, చూసినవాళ్ళు కొంచెం ఆలోచిస్తారని..."

తిడతారేమోనని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తిట్టు రాలేదు. తెరిచి చూస్తే జడ్జమ్మ బెంచీ మీద కూర్చుని, తల పక్కకు వాల్చి, ముక్కు లేని ఓర్పును తదేకంగా చూస్తున్నారు.

"ఎంత లోతుగా ఆలోచించారండీ," అన్నారు చివరికి. "కోపం ముక్కు మీదుంటుందంటారు. ముక్కే లేకపోతే ఇక కోపం ఎక్కడ కూర్చుంటుంది? అందుకే ఓర్పుకి ముక్కు లేదు. భేష్. ఇలాగే ఉంచెయ్యండి."

"వద్దండీ!" అని అరిచినంత పని చేశాడు శిల్పి. భార్యకి మాటిచ్చిన మొహంలో ముక్కు లేకపోతే, అక్క మొహం పెట్టిన నేరానికి ఇది తోడవుతుంది. "అంటే... పిల్లలు కూడా వస్తారు కదండీ. దడుచుకుంటారు."

జడ్జమ్మ ఇంకాసేపు ఆలోచించారు. "అదీ నిజమే. సరే, పెట్టండి. కానీ చిన్నది పెట్టండి. కోపం పట్టనంత చిన్నది."

భార్యది చిన్న ముక్కే. శిల్పి ఆ మాటకి జడ్జమ్మ కాళ్ళ మీద పడబోయి, నిచ్చెన మీదున్నానని గుర్తొచ్చి ఆగాడు. ఈసారి పాత ప్లాస్టర్‌ను బాగా తడిపి, గాట్లు పెట్టి, కొత్త ముక్కును వేలితో నొక్కి పట్టుకుని, అది గట్టిపడేదాకా కదలకుండా నిలబడ్డాడు. తోడల్లుడు టీ కొట్టువాడి చేత తప్పు ఒప్పించుకుని, ఊరికే ఇంకో టీ సంపాదించుకుని వచ్చేసరికి, గుడ్డ వెనక పని పూర్తయింది. భోజనం లేదు, కునుకు లేదు. కానీ గోడ మీద వదిన లేదు.

సాయంత్రం హాలు నిండింది. తోడల్లుడి ఆఫీసు వాళ్ళే రెండు బెంచీలు ఆక్రమించారు. భార్య వస్తూనే శిల్పి మొహంలోకి ఆదుర్దాగా చూసి, చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెలా ఉందండీ?" అంది. ఆవిడ వెనకే వదిన. కొత్త బట్టలు, పెద్ద ముడి, మెడ నిటారుగా నిలబెట్టి, కుడివైపూ ఎడమవైపూ తల పంకిస్తూ నడిచి వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. శిల్పికి మాత్రం గుడ్డ తప్ప ఏమీ కనపడటం లేదు. ముక్కు నిలవాలి. ఒక్క పది నిమిషాలు నిలబడితే చాలు, తర్వాత ఏమైనా చూసుకోవచ్చు.

జడ్జమ్మ నాలుగు ముక్కలు మాట్లాడి, "ఇంటి పెద్దావిడెవరైనా వచ్చి తెర తీస్తే బాగుంటుంది," అన్నారు. ఆవిడ మాట పూర్తవకముందే వదిన లేచి వెళ్ళి గుడ్డ అంచు పట్టుకుంది. జనం వైపు తిరిగి, చిరునవ్వు నవ్వి, ఒక్క లాగు లాగింది.

ముక్కు నిలిచింది.

దీపం వెలుగులో ఓర్పు తల వంచుకుని కూర్చుని ఉంది. జనం ఒకసారి గోడ వైపు, ఒకసారి శిల్పి భార్య వైపు చూశారు. "అబ్బ! అచ్చం ఈవిడే!" అన్నారెవరో వెనక నుంచి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. శిల్పి గెలిచాననుకున్నాడు. భార్య కళ్ళలో సంతోషం చూద్దామని తిరిగాడు.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమండీ," అంది మెల్లగా. "ఏం చేశారు మీరు?"

ఈలోగా గుడ్డ చేత్తో పట్టుకున్న వదిన గోడను చూసింది, చెల్లెల్ని చూసింది. "ఏంటే ఇది? నా మొహమన్నావు కదే! ఊరంతా చాటుకున్నాను కదే! మా వీధి వీధంతా వచ్చిందిక్కడికి!"

"అక్కా, నాకేం తెలుసే? అప్పుడు నీదే ఉంది. నా కళ్ళతో చూశాను."

శిల్పి ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "నువ్వు చూశావా? తడిగుడ్డ ఎత్తి చూశావా?"

"ఎత్తకపోతే ఎలా తెలుస్తుంది? పాలు పొంగుతున్నాయని ఎందుకు లేచిపోయాననుకున్నారు? ఆ రోజు పొయ్యి మీద పాలే లేవు! అక్కని పిలిపించింది నేను. ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. గుడ్డ ఎత్తి అక్క మొహం చూసి, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. మీకు నా మనసు తెలిసిపోయిందనుకున్నాను!"

"నీకిష్టం లేకపోతే నాతో చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పనండీ? 'ఇంకెవరిది పెడతానే, నీదే' అని మీరు అంత మురిసిపోతుంటే వద్దని ఎలా అనను? ఊళ్ళో మొగుడూ పెళ్ళాల గొడవలన్నీ వచ్చేది ఇక్కడికే. వచ్చినవాళ్ళందరూ నా మొహం చూసి ఏమనుకుంటారు? ఏ మొగుడితో వేగి వేగి ఈవిడ ఇలా అయిపోయిందో అనుకోరూ? పరువుగా కాపురం చేసుకుంటున్న దాన్ని!"

"అలా ఎవరూ అనుకోరులేవే," అన్నాడు శిల్పి. ఆ మాట అంటుండగానే తోడల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేసింది. గోడ మీది ముడిపడ్డ కనుబొమలనూ బిగబట్టిన పెదవినీ ఇంకోసారి చూసి, "ఎన్నాళ్ళుగా పడుతున్నావమ్మా తల్లీ?" అని అడిగి, శిల్పిని ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. భార్య రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది.

"మరి నా మాటేంటి?" అంది వదిన. "అసలు ఓర్పంటే మా ఇంట్లో ఎవరిది? ఈయనతో నేను పడ్డ పాట్లకి ఇంకొకరైతే ఏనాడో..."

"నన్నెందుకు లాగుతావు మధ్యలో?" అన్నాడు తోడల్లుడు. ఆఫీసు వాళ్ళ ముందు అలా అన్నందుకు ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపం చూసి వదినకి ఇంకా వచ్చింది. ఒక మూల ఆ ఇద్దరూ, ఒక మూల ఈ ఇద్దరూ. మధ్యలో జనం మాత్రం కదలకుండా, మాట్లాడకుండా, ఎవరింట్లో సంగతులు వాళ్ళు తలుచుకుంటూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. కొంతమంది పక్కనున్న భార్య చెయ్యి పట్టుకున్నారు కూడా.

జడ్జమ్మకి కావలసింది అదే. ఆవిడ వెనక వరసలోంచి అదంతా చూసి, తృప్తిగా తలాడిస్తూ శిల్పి దగ్గరికి వచ్చారు.

"అద్భుతమండీ. నేను కోరుకున్నదాని కంటే బాగా పనిచేస్తోంది. చూశారుగా, హాల్లో ఒక్క చప్పుడు లేదు, మీ కుటుంబం తప్ప. ఆ స్తంభం వెనక వైపు ఇంకొకావిడ కూడా ఉంది, చేతులు చాచి నిలబడి. ఆవిడ పేరు క్షమ. ఈ ఎదురు గోడకి ఆవిణ్ణి చేసిపెట్టాలి. మొహం వానకి పోయిందనుకోండి, దానికేం? ఇలాగే మీ ఇంట్లోవాళ్ళ మొహం ఎవరిదైనా చూసి పెట్టెయ్యండి."

శిల్పి భార్య వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. తోడల్లుడి వైపు కూడా చూశాడు.

"ప్రస్తుతానికి మా ఇంట్లో ఆ మొహం ఎవరికీ లేదండీ," అన్నాడు.